చున్‌బోక్ బాబాయ్ ఫోనుకి ఐసు పరుపు

అరచేతిలో ఇమడని యంత్రం ఏదైనా సరే, చున్‌బోక్ బాబాయ్ దృష్టిలో అది బీరువాయే. టీవీ బీరువా. ఫ్రిజ్జు బీరువా. నేను పస్తులుండి కొనుక్కున్న కంప్యూటరైతే మహా బీరువా. ఆయన తీసే వీడియోలన్నీ ఫోన్లోనే పుడతాయి, ఫోన్లోనే కత్తిరింపులు చేయించుకుంటాయి, ఫోన్లోనే పాట కట్టుకుని బయటికొస్తాయి. పెళ్ళిళ్ళు, పుట్టినరోజులు, కొత్త పడవ నీళ్ళలోకి దిగడాలు వదలడు. ఆఖరికి చేపల మార్కెట్లో ఇద్దరాడవాళ్ళు జుట్లు పట్టుకుంటే దానికీ వెనకాల వయొలిన్ పెట్టి ఊరందరికీ పంపాడు. ఆ ఇద్దరూ అది చూసి ఏడ్చి కలిసిపోయారు.

గుర్యోంగ్‌పో రేవులో ఆయనది కానాగంత చేపల కొట్టు. చేతులకి రబ్బరు తొడుగులుంటాయి గానీ, ఎడమచేతి తొడుగుకి బొటనవేలుండదు, కత్తెరతో తీసేశాడు. కుడిచేత్తో చేప తోముతూ, చలికి టమాటాలా ఎర్రబడ్డ ఆ బొటనవేలితో ఎడిటింగ్ నడిపిస్తాడు. కాసేపటికి ఫోను పెనంలా కాలుతుంది. వెంటనే దానికో ప్లాస్టిక్ సంచి తొడిగి, ఐసు పెట్టెలో చేపల మధ్య పడుకోబెడతాడు. చీకట్లో వాసన చూసి ఎవరిదో చెప్పగలిగే ఫోను మా రేవు మొత్తానికి అదొక్కటే.

"బాబాయ్, ఫోనుతో అయ్యే పనేనా ఇది? దానికంత సత్తా ఎక్కడిది?" అనేవాణ్ణి.

"నీ బీరువా సంగతి చూసుకోరా ముందు. నిన్న మీ ఇంటిమీద హెలికాప్టరు దిగిందని మీ పిన్ని హడలిపోయింది."

"అది కంప్యూటరు ఫ్యాను, బాబాయ్."

"ఓహో, ఫ్యానా! మరి లోపల పనెవరు చేస్తున్నట్టు?"

ఇలా లాభం లేదని ఒకరోజు ఆయన ఫోను తీసేసి, దాని సంచిలో సరిగ్గా ఫోనంత వెడల్పున్న ఎండుచేపని దూర్చి ఐసులో పెట్టాను. మంచు పట్టిన సంచి మీద ఆయన బొటనవేలు అటూ ఇటూ తిరిగింది. "దీనికివాళెందుకో బద్ధకంగా ఉంది" అని బేరానికొచ్చినావిడతో చెప్పాడు కూడా. సంగతి తెలిశాక తిడతాడనుకున్నాను. ఆయన ఆ చేపని కాల్చి, నా ఎదురుగా కూర్చుని తిని, మూతి తుడుచుకున్నాడు.

"చూశావురా? నా ఫోను చచ్చినా తినొచ్చు. నీ బీరువా?"

ఆయన వీడియోల్లో మాకు నచ్చనివి రెండున్నాయి. ఒకటి, తెరనిండా మొహమే. సముద్రం కావాలంటే ఆ మొహం చెవి పక్కన వెతుక్కోవాలి. అక్షరాలైతే కానాగంతలంత. రెండోది ఇంకా ఘోరం. ఎవరి వేడుకైనా సరే, సరిగ్గా అందరూ పెద్ద తెర చూస్తున్నప్పుడు ఈయన వంగుతూ వెళ్ళి, వేడుక ఎవరిదో వాళ్ళ ముక్కు కింద తన ఫోను పెడతాడు. పొగడ్తల కక్కుర్తి అని మేమంతా చాటుగా నవ్వుకునేవాళ్ళం.

ఇంతలో మా అమ్మమ్మ మల్‌సున్‌కి ఎనభై దగ్గరపడ్డాయి. కడుపులో బిడ్డలున్నప్పుడు కూడా సముద్రంలో మునిగి నత్తలూ నాచూ ఏరుకొచ్చిన మనిషి. ఈ ఏడుతో మునగడం ఆపేస్తానంది. ఆపేముందు నన్ను పిలిచింది.

"ఒరేయ్ మనవడా, నేను నీళ్ళలోంచి పైకి తేలడం ఊరంతా చూసింది. నేనొక్కదాన్నే చూడలేదు. అప్పుడు నా మొహం ఎలా ఉంటుందిరా?"

"కోపంగా ఉంటుంది అమ్మమ్మా."

"వెధవా! నా పుట్టినరోజుకి నాకది చూపించు. ఇంకేం వద్దు."

నేను ఎగిరే కెమెరా అద్దెకి తెచ్చాను. ఆకాశంలోంచి తీశాను. నీలిసముద్రం, నల్లరాళ్ళు, తెల్లపక్షులు. నడిమధ్య, మునిగేవాళ్ళు పట్టుకుని ఊపిరి తీసుకునే నారింజరంగు తేలుడు బుర్ర, దాని పక్కన ఆవగింజంత మా అమ్మమ్మ. చున్‌బోక్ బాబాయ్ మాత్రం ప్యాంటు మోకాళ్ళదాకా మడిచి రాళ్ళమీద కూర్చుని అరుస్తున్నాడు.

"పెద్దమ్మా, కాస్త ఇటేపు తేలు!"

"నేను తేలేది ఊపిరికిరా, నీ ఫోనుకి కాదు!"

పుట్టినరోజున భోజనశాల కిటకిటలాడింది. పట్టుబట్టల్లో అమ్మమ్మ, ముందు బల్లమీద గోపురాల్లా పేర్చిన బియ్యపు మిఠాయిలు, పళ్ళు. వచ్చినవాళ్ళకల్లా అమ్మమ్మ పేరు అచ్చేసిన తువ్వాళ్ళు పంచుతున్నాం. గుమ్మం దగ్గర గొడవైంది.

"అయ్యా, చేపలు లోపలికి తేకూడదు," అన్నాడు హోటలు కుర్రాడు.

"చేపలెక్కడున్నాయి బాబూ? ఇది మా ఫోను పరుపు," అంటూ బాబాయ్ ఐసు పెట్టెతో సహా లోపలికొచ్చేశాడు. ఆయన వీడియో ఇంకా తయారవుతూనే ఉంది. ఫోను వేడెక్కి, ఇక నావల్ల కాదని రెండుసార్లు మొరాయించిందట.

"అయ్యిందా బాబాయ్?"

"అవుతుంది. దానికి చల్లగాలి కావాలి. నీ మాటలొద్దు."

దీపాలార్పాం. అమ్మమ్మ వెనకనున్న గోడమీద తెర దిగింది. నా సముద్రం గోడంతా పరుచుకుంది. జనం "అబ్బో" అన్నారు. చప్పట్లు కొట్టారు. నా ఛాతీ ఉబ్బింది. అప్పుడు అమ్మమ్మ వంక చూశాను.

ఆవిడ మా అందరి మొహాలూ చూస్తూ కూర్చుంది. మావైపు తిరిగి. తెరకి వీపు పెట్టి. మా ఊళ్ళో ప్రతి పెద్దావిడనీ అలాగే కూర్చోబెడతాం, ఆవిడ తలమీదుగా తెర దింపి చప్పట్లు కొట్టుకుంటాం. తల తిప్పబోయింది గానీ తలమీద కిరీటంలాంటి అలంకారం, మెడ కదలనివ్వలేదు.

"ఏంట్రా అలా చూస్తున్నారు? నా పళ్ళలో నాచేమైనా ఇరుక్కుందా?" అంది.

అప్పుడే బాబాయ్ వంగుతూ వచ్చాడు. ఫోను సంచి విప్పి, తడి తుడిచి, అమ్మమ్మ ముక్కు కింద పెట్టాడు. అరచేతినిండా ఒకే ఒక్క మొహం. నీళ్ళు చీల్చుకుని పైకొచ్చింది, నోరు సున్నాలా చుట్టి ఊపిరిని ఈలలా వదిలింది, ఆ తర్వాత రాళ్ళమీదున్నవాణ్ణి చూసి పళ్ళికిలించింది.

"ఓరినీ! అచ్చం నీటికుక్కలా ఉన్నానే!" అంది అమ్మమ్మ. "కోపంగా ఉంటానన్నాడే ఈ వెధవ! నవ్వుతున్నాను చూడు. మళ్ళీ పెట్టరా."

మళ్ళీ పెట్టాడు. మూడోసారికి ఆవిడే ఫోను లాక్కుని, లేచి నిలబడి, జనంవైపు తిప్పింది. "ఇటు చూడండే! అది నేనే!" అందరూ నా తెర వదిలేసి అటు ఎగబడ్డారు. హాలంతా కానాగంతల వాసన.

సందడి సద్దుమణిగాక బాబాయ్ పక్కన చేరాను.

"అయితే అన్ని వేడుకల్లోనూ నువ్వు అందుకా... ముందే చెప్పొచ్చుగా బాబాయ్, తెర అమ్మమ్మ వెనకుంటుందని!"

"ఇందులో చెప్పేదేముందిరా? మీరంతా తెర వంక చూస్తారు. నేను ముసల్ది ఎటు చూస్తోందో చూస్తాను." మిగిలిపోయిన తువ్వాళ్ళ కట్ట నా చేతుల్లో పడేశాడు. "ఇదిగో, పట్టుకెళ్ళి నీ బీరువాలో సర్దుకో. ఇన్నాళ్ళకి దానికో పని దొరికింది."