మంటకి ఆముదం

సర్పి పొక్కులు మాడాయి, పొలుసులు రాలాయి, మచ్చలు మిగిలాయి. మంట మాత్రం వీరమ్మని వదల్లేదు. ఎడమ పక్కటెముకల మీద అరచెయ్యంత మేర, రవిక గుడ్డ తగిలినా నిప్పు అంటించినట్టు ఉలిక్కిపడేది. కూర్చుంటే లేచేది, లేస్తే నడిచేది, నడిచి నడిచి గుమ్మంలో నిలబడి చెంగుతో విసురుకునేది. ఆమెకు కంటినిండా కునుకు పట్టి ఎన్నాళ్లయిందో కూతురు ఫెబాకి గుర్తులేదు.

యడ్లపాడు చుట్టూ కల్లాల్లో కాయ ఆరే రోజులవి. అంత బాధలోనూ వీరమ్మ పనికి వెళ్లేది. పెళ్లై వచ్చినప్పటి నుంచీ మిరపకాయలకు తొడిమలు తీస్తూ, తాలుకాయ ఏరుతూ బతికిన మనిషి. చేతులు మండటం ఆమె లెక్కలోనే లేదు. ఇంటికొచ్చి ఆముదం రుద్ది గుడ్డతో తుడిచేస్తే సరి. కల్లం ఆడవాళ్లందరిదీ అదే వైద్యం.

చివరికి ఫెబానే గుంటూరు తీసుకెళ్లింది. తండ్రి జక్రయ్య పోయాక ఇంటర్ బైపీసీ మధ్యలో మానేసిన పిల్ల. నలుగురిలో నోరు విప్పదు, చూస్తూ ఉంటుంది. డాక్టర్ శ్యామ్ సుందర్ ముందు కూడా అలాగే ఓ పక్కన నిలబడింది.

"పైన రాసుకునే మందు ఇస్తానమ్మా. మిరపకాయ సారంతో చేస్తారు," అన్నాడాయన.

"మిరపకాయా? పొద్దస్తమానం దాంట్లోనే పడి చస్తన్నానండీ! మళ్లీ అదే ఒంటికి పూసుకోవాలా?"

ఆయన నవ్వాడు. "నరాల చివర్లో ఒక ప్రోటీన్ ఉంటుంది. తలుపు అనుకోండి. సెగ తగిలితే ఆ తలుపు తెరుచుకుంటుంది, కాలుతోందని మెదడుకి కబురు పోతుంది. మిరపకాయలో కారం కూడా సరిగ్గా ఆ తలుపునే తోస్తుంది. అక్కడ నిప్పు ఉండదు. అయినా నరానికి ఆ తేడా తెలియదు."

పొయ్యిలోదీ మంటే, కాయ వల్ల వచ్చేదీ మంటే. రెంటికీ ఒకే మాట ఎందుకుందో ఫెబా ఎప్పుడూ ఆలోచించలేదు.

"సర్పి మీ నరాన్ని పాడుచేసింది. ఎవరూ తట్టకపోయినా అది కబుర్లు పంపుతూనే ఉంది. ఈ మందు రోజూ మళ్లీ మళ్లీ రాస్తే నరం చివర అలిసిపోయి పలకడం మానేస్తుంది. మొదట్లో మంట పెరుగుతుంది. ఓర్చుకోవాలి."

"ఆ తలుపుకి గడియ పెట్టే మాత్రేదైనా రాయండి బాబూ. మింగి పడుకుంటా."

"అలాంటి మాత్రల కోసం చాలామంది ప్రయత్నించారమ్మా. వేసుకున్నవాళ్లలో కొందరికి జ్వరంతో ఒళ్లు కాగిపోయింది, కొందరికి సలసల కాగే నీళ్లు కూడా వేడిగా తెలియలేదు. ఒళ్లు కాలకుండా మనల్ని కాపాడేదీ ఆ ప్రోటీనే. ఒళ్లంతా ఆ తలుపులు మూసేస్తే ఎట్లా? ఇంకా వెతుకుతున్నారు."

"వాళ్లు వెతికేదాకా నేనుండాలిగా," అని గొణిగింది వీరమ్మ.

ఫెబా చేతికి ప్లాస్టిక్ కవరు తొడుక్కుని పూటపూటకీ మందు రాసింది. వారాలు గడిచాయి. వీరమ్మ నడక ఆగలేదు. కల్లంలో సంతోషకుమారికి అదొక వేళాకోళమైంది.

"వీరమ్మక్కా, ఒంటికి కూడా కారం పట్టిస్తన్నావంట! ఊరగాయ పెడతావా ఏంది?"

"ఇటు రా, నీ నోటికి పూస్తా. ఆ వాగుడన్నా తగ్గుద్ది!"

అందరూ నవ్వారు. పక్కనే తొడిమలు తీస్తున్న ఫెబా నవ్వలేదు. మందు నకిలీదేమోనని ఒకటే పీకులాట. ఆ మధ్యాహ్నం ఇంటికొచ్చి బట్టలుతుకుతుంటే తల్లి రవిక ఎడమ పక్క జిడ్డుగా తగిలింది. వాసన చూసింది.

"అమ్మా, మందు రాశాక ఆముదం పూస్తున్నావా?"

"పూయకేం చెయ్యనే, భగ్గుమంటుంటే? నువ్వటు పోగానే తుడిచేసుకుంటన్నా. కాయ మంటకి ఆముదమేగా!"

కారం నూనెలో కలుస్తుంది, నూనెతోపాటే పోతుంది. కల్లంలో చేతులకు మేలు చేసిన అలవాటే ఇక్కడ పట్టిన మందుని పట్టినట్టే ఊడ్చేస్తోంది.

"పూసేది నేను, తుడిచేది నువ్వు. ఇంక నరం ఎప్పుడు అలుస్తుంది?" అంది ఫెబా. అంత గట్టిగా మాట్లాడటం ఆమెకే కొత్తగా తోచింది. "ఆ సీసా దాచేస్తున్నా."

"దాచుకో. పక్కింట్లో ఉండదనుకున్నావా?"

కానీ పక్కింటికి వెళ్లలేదు. ఆ రోజులు ఇద్దరికీ నరకమే. వీరమ్మ వాకిట్లో అటూ ఇటూ తిరుగుతూ డాక్టర్ని తిట్టింది, కాయని తిట్టింది, కూతుర్ని తిట్టింది. ప్రార్థన పాట ఎత్తుకుని సగంలో ఆపేసి పళ్లు బిగించింది. ఫెబాకి లోపల భయం. తను చదివిందెంత? తన లెక్క తప్పైతే అమ్మని ఊరికే కాల్చుకు తింటున్నట్టేగా?

మళ్లీ గుంటూరు వెళ్లినప్పుడు విషయం విని డాక్టరు తలూపాడు. "ఆముదం మాన్పించి మంచిపని చేశావమ్మా. ఇంకొన్నాళ్లు రాయండి. అందరికీ ఒకేలా పనిచేయదు, చూద్దాం."

తిరుగు బస్సు కిక్కిరిసి ఉంది. ఎప్పుడూ ఎడమ పక్క ఎవర్నీ తగలనివ్వని వీరమ్మకి సరిగ్గా ఆ పక్కనే ఫెబా ఒదిగి కూర్చోవాల్సి వచ్చింది. చిలకలూరిపేట రోడ్డెక్కాక తల్లి తల ఆమె భుజం మీద వాలింది. తర్వాత ఒళ్లంతా వాలింది. పక్కటెముకలు తన చేతికి ఆనుతుంటే ఫెబా ఊపిరి బిగబట్టింది. ఇప్పుడు ఉలిక్కిపడుతుంది, ఇప్పుడు లేస్తుంది అనుకుంటోంది.

"యడ్లపాడు! యడ్లపాడు దిగేవాళ్లు రండమ్మా!" అని కండక్టరు అరిచాడు.

ఫెబా లేవలేదు. బస్సు కదిలింది.

చిలకలూరిపేట స్టాండులో బ్రేకు పడ్డాక వీరమ్మ కళ్లు తెరిచి బయటికి చూసింది. "ఒసే, పేట వచ్చేసిందే! మన ఊరొస్తే లేపొద్దా? నోరు లేదా నీకు?"

"నిద్రపోతున్నావుగా అమ్మా."

"నేనా?" అంది వీరమ్మ.