జ్వరం ముట్టని రక్తం

కాలువల్లో పూడిక తీయించే మేస్త్రీకి జీవితంలో ఉన్న గొప్ప ఒక్కటే. చలిజ్వరం ఆయన రక్తాన్ని ఏమీ చేయలేదు. నాలుగు తరాల కిందట ఆయన పెద్దల్ని ఎక్కడో దోమల బురదనేల నుంచి ఓడల్లో తెచ్చి, ఇక్కడ కాలువలు తవ్వించారు. పక్కవాళ్లు జ్వరంతో పిట్టల్లా రాలిపోతుంటే వీళ్లు రెండు రోజులు వణికి, మూడో రోజు మళ్లీ పార పట్టేవాళ్లు. అది చూసి పైవాళ్లు ఎక్కడ బురద ఎక్కువుంటే అక్కడికే వీళ్లను తోలారు. దాన్ని కూడా మేస్త్రీ బిరుదులా చెప్పుకునేవాడు, ఏమనాలి!

కూతురికి సంబంధం చూసేటప్పుడు ఆయన చదువు అడగలేదు, ఇల్లు అడగలేదు. తమవాళ్లలోనే ఒకణ్ణి ఎంచి, వానాకాలమంతా నడుంలోతు బురదలో దింపాడు. ముఠాలో ఆరుగురు ఆస్పత్రి పాలయ్యారు. అతను మాత్రం రెండు రోజులు వణికి, పార భుజాన వేసుకుని వచ్చాడు.

"వీడే నా అల్లుడు!" అన్నాడు మేస్త్రీ.

కూతురి మనసు పక్కవీధి బేకరీ అతని మీద ఉంది. వాళ్లది మొదటి నుంచీ ఈ ఊరే.

"ఏటా రెండుసార్లు జ్వరంతో మంచమెక్కుతాడు. వాడేం బతుకుతాడే? మన రక్తంలో నీళ్లు కలపమంటావా?" అని ఒక్క మాటతో కొట్టిపారేశాడు. ఆ పిల్ల ఏడ్చి ఏడ్చి ఊరుకుంది.

ఇప్పుడు మనవరాలికి నాలుగేళ్లు. ఎముకల్లో నొప్పి మొదలైతే ఇల్లంతా దద్దరిల్లేలా ఏడుస్తుంది. ఆస్పత్రిలో డాక్టరమ్మ పాపదీ, తల్లిదీ, తండ్రిదీ రక్తం పరీక్ష చేయించి, మేస్త్రీని కూర్చోబెట్టి చెప్పింది.

"జ్వరం నుంచి మిమ్మల్ని కాపాడే గుణం మీ పెద్దలతో పాటే వచ్చింది, బాబాయ్. తల్లీతండ్రుల్లో ఒక్కరి నుంచే వస్తే మేలు. పాపకి ఇద్దరి నుంచీ వచ్చింది. రక్తంలో కణాలు కొడవళ్లలా వంగి, దారికి అడ్డం పడుతున్నాయి."

"అంటే పూడికేనా?"

"అలాంటిదే."

"మరి తీసేయండి!"

"నొప్పి తగ్గించగలం. పూర్తిగా తీసేయడం మా చేతుల్లో లేదు."

నలభై ఏళ్లు ఊరి పూడికంతా తీసినవాడు లేచి పాప మంచం దగ్గరికి వెళ్లాడు. మనవరాలి కాలు నిమరబోతే పిల్ల కెవ్వుమంది. ఆయన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

కూతురు గోడవైపు చూస్తూ అంది.

"బేకరీ ఆయన బతికే ఉన్నాడు నాన్నా. ముగ్గురు పిల్లలు. పొద్దున బడికి పరిగెడుతుంటే చూశాను."