మైక్ టెస్టింగ్‌లో ఒక పేరు

1982 నవంబరు ఒకటి. కూర్మన్నపాలెంలో రాష్ట్ర అవతరణ దినోత్సవానికి మైకు సెట్టు నాదే. ఉక్కు కర్మాగారం ఇంకా కడుతున్న రోజులవి. వన్‌టౌన్‌లోని మా కొట్టు నుంచి యాంప్లిఫయరు, రెండు హారన్లు, అంటే స్తంభాలకు కట్టే గొట్టాలు, బస్సు మీద వేసుకొచ్చాను.

మైకువాడి బతుకు చిత్రమైంది. ఊరందరికీ గొంతు అరువిస్తాడు. తనకు మాత్రం "హలో, మైక్ టెస్టింగ్, వన్ టూ త్రీ" తప్ప మాట దక్కదు. ఆ కాసేపూ నేను జమీందారులా దగ్గేవాణ్ణి.

నిచ్చెన దిగేసరికి పక్క వీధి పైడమ్మ అనే ముసలావిడ నిలబడి ఉంది. గొట్టం మోత పడక గొడవకొచ్చిందనుకున్నాను.

"అటు తిప్పేస్తాలే అమ్మా," అన్నాను.

"తిప్పకు బాబూ. నా కొడుకు సన్యాసిరావు అరవయ్యారులో ఇదే రోజున పోనాడు. ఉక్కు ఫ్యాక్టరీ మనకే కావాలని ఊరేగింపుకెల్తే, పోలీసు కాల్పుల్లో పోనాడు. తద్దినం తిథి సూసి పెడతాం, అది ఏటేటా ఎనకాముందూ అవుద్ది. ఈ తారీకుని నానేటి మర్సిపోగల్నా? మైకులో ఓపాలి ఆడి పేరు సెప్పించు."

కమిటీ ప్రెసిడెంటు గారిని అడిగాను. "పండగ పూట సావు కబురేటి ఖాదరూ? పోగ్రాం రాసీసేం కదా," అన్నాడాయన. చెడ్డవాడు కాదు, కంగారుమనిషి. పైడమ్మ ఆ మాట విన్నది. కొంగు సర్దుకుని వెనుదిరిగింది.

ప్రోగ్రాం ఆయనది, టెస్టింగ్ నాది. ఏటా వచ్చే బేరం పోతుందని భయమేసింది. అయినా స్విచ్చి వేశాను.

"హలో, మైక్ టెస్టింగ్. సన్యాసిరావు. పైడమ్మ గారి అబ్బాయి సన్యాసిరావు. ఉక్కు కోసం ఇదే రోజున ప్రాణం ఇచ్చాడు. హలో."

ప్లాంటు పనికి వెళ్తున్నవాళ్లు సైకిళ్లు దిగారు. ప్రెసిడెంటు గబగబా వస్తుంటే తిట్లకు సిద్ధపడ్డాను. ఆయన నన్ను దాటిపోయి, వీధి మలుపులో నిలబడిపోయిన పైడమ్మను చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాడు.

"ముందు కుర్సీలో కూకో అమ్మా. నానూ ఆ ఫ్యాక్టరీ కూడే తింతన్నాను," అన్నాడు.

సభ అయ్యాక పైడమ్మ ఆయనతో ఒకటే అంది. "వచ్చే ఏడు కూడా ఈ బాబునే పిలవండి."

ఎందరో పెద్దల ఉపన్యాసాలకు మైకు పెట్టాను. ఒక్కటీ గుర్తు లేదు. దగ్గడానికి వాడుకున్న ఆ కాసేపూ ఎంత విలువైందో నేర్పిన ఆ తల్లికి మాత్రం ఈనాటికీ రుణపడి ఉన్నాను. ఆమె ఉన్నన్నాళ్లూ ప్రతి నవంబరు ఒకటినా ముందు కుర్చీలోనే కూర్చుంది. టెస్టింగ్‌లో నేను వన్ టూ త్రీ అనలేదు, ఆమె కొడుకు పేరే చెప్పాను.