స్లాబు అంచున ఖాళీ

అప్పలసూరి తాత పేరుకు మేస్త్రీయే గానీ ఆయన చేతిలో తాపీ ఎవరూ చూడలేదు, బీడీయే చూశారు. పొద్దున్నే కూర్మన్నపాలెం జంక్షన్‌లో నిలబడి స్లాబు పనికి మనుషుల్ని ఏరుకుంటాడు. ఎండాకాలం జాతరలకని కూలీలు ఊళ్లకు పోయినా ఆయనకు బెంగ లేదు. అప్పుడే సముద్రంలో వేట నిషేధం, వల లాగే చేతులన్నీ ఖాళీ. జాలర్లను పిలిచే ఈ ఉపాయం తనదేనని పదిమందికీ చెప్పుకుంటాడు. ఎల్లాజీ అనే జాలరి సంగతి మాత్రం చెప్పడు. రెండేళ్ల కిందట, "ఊగే పడవ మీద నిలబడేవోడివి, నీకు అంచో లెక్కేట్రా!" అని అతన్ని మూడో అంతస్తు అంచున నిలబెట్టింది తాతే. సముద్రం మింగని మనిషి అక్కణ్ణుంచి పడి ప్రాణం పోగొట్టుకున్నాడు. అప్పట్నుంచి ప్రతి స్లాబు మీదా తట్టలందించే వరసలో, అంచు పక్కన ఒక మనిషి చోటు ఖాళీగా ఉంచుతాడు తాత. పక్కవాళ్లు చేతులు సాగదీసుకుంటూ తిట్టుకుంటే, వినబడనట్టు బీడీ వెలిగిస్తాడు.

మొన్న సగం స్లాబు పోశాక ఇద్దరు జ్వరమని దిగిపోయారు. తట్టలు అందడం లేదు, కాంక్రీటు గట్టిపడిపోతోంది. కింద ఇసుక మోస్తున్న ఎల్లాజీ భార్య పోతమ్మ పైకొచ్చి, ఆ ఖాళీలో నిలబడింది.

"అక్కడొద్దమ్మా, దిగిపో" అన్నాడు తాత.

"మావోడికని ఒగ్గేసిన సోటు నాది కాదేటి మావా? ఆ తట్ట ఇటందియ్!"

తాత బీడీ పారేశాడు. ఎన్నడూ తట్ట ముట్టని మనిషి వెళ్లి, ఆమెకూ అంచుకూ మధ్య నిలబడ్డాడు. స్లాబు పూర్తయ్యేదాకా తట్టలందిస్తూ, అక్కణ్ణుంచి కదల్లేదు.