టీ ఆపి మా అమ్మాయి నడిపిన మీటింగు

ఈ రోజు ఆనందం పట్టలేక రాస్తున్నాను. చోడవరం దగ్గర మా ఊరి చెరకు రైతులందరికీ ఒక ఉమ్మడి బెల్లం గానుగ ఉంది. దాన్ని ఉంచాలా, అమ్మేయాలా అని ఏళ్ల తరబడి మీటింగులు పెట్టాం. దండలు, మైకు, పెద్దల ప్రసంగాలు, ఆపైన టీ. టీ తాగగానే అందరూ లేచిపోయేవారు. ఏదీ తేలేది కాదు.

ఈసారి మా రైతుల సంఘానికి కొత్త సెక్రటరీ మా అమ్మాయి కుమారి. దండలూ లేవు, ప్రసంగాలూ లేవు.

"టీ ఏదమ్మా? టీ లేకండా మీటింగేటి?" అన్నాడు నా తమ్ముడు.

"తేలినాక టీ, సిన్నాన్నా. ముందు ఒక్కటి సెప్పండి. వొచ్చే ఏడు సెరుకు ఏసేవోళ్లు సెయ్యెత్తండి."

ఒక్క చెయ్యీ లేవలేదు. అందరి పొలాల్లోనూ ఇప్పుడు సరుగుడు తోటలే. కుమారి నా వైపు చూసింది.

"నాన్నా, నువ్వు?"

ఆ గానుగ పెట్టించిన వాళ్లలో నేనూ ఒకడిని.

"సెరుకు కొట్టడానికి కూలోళ్లు దొరకరే అమ్మా. నేనెక్కడెయ్యగలను?"

"మరి గానుగ ఎవులి కోసం నాన్నా?" అంది మెల్లగా.

అంతే, అమ్మేయాలని అందరూ ఒప్పుకున్నారు. అప్పుడు టీ వచ్చింది. అందులో బెల్లం కూడా కొట్లో కొన్నదే.

దారిలో కనిపించిన ప్రతివాడినీ ఆపి, మీటింగంటే మా అమ్మాయిదే అని చెప్పుకుంటూ ఇంటికి వచ్చాను. ఇలాంటి సెక్రటరీ మాకు పొలంలో చెరకు ఉన్న రోజుల్లోనే దొరికి ఉంటే ఎలా ఉండేదో. ఈ రోజు ఇంత సంతోషపడటం తప్పంటారా? మీరే చెప్పండి.