మంట వెలగని చోట ద్రాక్షాకులు

మొన్న శుక్రవారం పొద్దున మస్కట్ రూవిలో టీ తాగుతుంటే జగిత్యాల నుంచి ఫోన్ వచ్చింది. మేస్త్రి కొడుకు. "సార్, బాపు పోయిండు" అన్నాడు.

మబేలాలో మా కంపెనీ పాలరాతి వర్క్‌షాపులో మేస్త్రి ఇరవై ఏళ్లు ఉలి పట్టారు. ఆ కంపెనీ షోరూంలోనే నేను సేల్స్‌మన్‌ని. ఆయన్ని చంపింది ఊపిరితిత్తుల్లో పేరుకున్న రాతిదుమ్ము. కాగితాల్లో ఏం రాస్తారో నాకు అనవసరం. నేను రాతిదుమ్మనే రాస్తాను.

మేస్త్రి టీ గ్లాసు మీద అరచెయ్యి మూతపెట్టి, గుక్క తాగి, మళ్లీ మూసేవారు. రూమ్‌లో కూడా అంతే. "ఇక్కడ దుమ్మెక్కడుంది మేస్త్రీ?" అంటే, "చేతికి ఎర్కలేదు తమ్మీ" అనేవారు. కార్మికుల గురించి నేను రాసే వ్యాసాలు చదివించుకుని వినేవారు. విని నవ్వేవారు. "గింత కోపంతోని కొడితె నా రాయి పగుల్తది. నీ కాయితం గాబట్టి ఓర్సుకుంటది."

రెండేళ్ల కిందట సీబ్‌లో కొత్త విల్లా కడుతున్న దంపతులు గోడలో చలిమంట వేసుకునే ఫైర్‌ప్లేస్ చుట్టూ పెట్టే పాలరాతి చట్రం కోసం షోరూంకి వచ్చారు. చలికాలంలో కూడా ఫ్యాను ఆగని ఊళ్లో!

"ఏసీ ఏస్కొని మంట కాగుతరా ఏంది?" అన్నారు మేస్త్రి, సంగతి చెబితే.

"మంట పెట్టరు. చూసుకుంటారంతే."

నవ్వారు. నవ్వు దగ్గయింది. దగ్గు తగ్గాక నా చెయ్యి పట్టుకున్నారు. "తమ్మీ, సాదాదే సూపెట్టు. డాక్టరు ఇగ దుమ్ముల కూసోవద్దన్నడు. సాదాదైతె నీళ్లు పోస్కుంట మిషిన్ మీద కోస్త. ఆకులూ తీగలూ అంటె, నీళ్లు పోస్తె గీత కనవడదు. పొడిగనే చెక్కాలె."

అంత స్పష్టంగా చెప్పారు. విన్నాను. తలూపాను కూడా.

తీరా ఆ దంపతులు మళ్లీ వచ్చినప్పుడు ఆవిడ రెండు నమూనాలు ముందు పెట్టుకుని, "మీరైతే ఏది తీసుకుంటారు?" అని అడిగింది. ఒకటి సాదా అంచులది. రెండోది ద్రాక్షతీగ, ఆయన ఎప్పుడో చెక్కిన ముక్క. పక్కన ఇటలీ క్యాటలాగు తెరిచి ఉంది. నాకెక్కడో పౌరుషం పొడుచుకొచ్చింది. మా తెలుగు మేస్త్రి చెయ్యి ఏ ఇటలీకి తీసిపోతుంది? "ద్రాక్షతీగే తీసుకోండి మేడమ్. ఇలా చెక్కేవాడు మస్కట్‌లో ఒక్కడే ఉన్నాడు" అన్నాను. ఆ "ఉన్నాడు" అన్న మాట ఇప్పుడు చెల్లదు.

చెబితే మేస్త్రి తిట్టలేదు. "మస్కట్ల ఒక్కణ్నేనా?" అన్నారు. కళ్లలో కాస్త వెలుగు. ఆ వెలుగే నన్నిప్పటికీ నిద్రపోనివ్వదు. మూడు నెలలు పొడిగా చెక్కారు, ముక్కుకి గుడ్డ కట్టుకుని. ఉలి దెబ్బ, ఆగి ఆకులోకి ఒక ఊదు. మళ్లీ దెబ్బ, మళ్లీ ఊదు. పని అయ్యాక సెలవు మీద ఇంటికి వెళ్లారు. తిరిగి రాలేదు.

మీరంటారు, కంపెనీ మంచి మాస్కు ఇవ్వాల్సింది, దుమ్ము లాగే యంత్రం పెట్టాల్సింది అని. నిజమే, కంపెనీని వదలను. డబ్బున్నవాళ్ల షోకు అంటారు. వాళ్లనీ వదలను. మరి నన్ను? కార్మికుల ఊపిరి గురించి పేజీలు నింపేవాణ్ణి. ఒక కార్మికుడు నా చెయ్యి పట్టుకుని ఊపిరి అడిగితే, ఆయనకి పొగడ్త ఇచ్చాను. మన పనివాళ్ల చేతులు గొప్పవని మురిసిపోయే మనందరికీ చెబుతున్నాను: ఆ చేతుల వెనక ఛాతీ ఒకటుంటుంది.

నిన్న పాలిష్ చూసే నెపంతో ఆ విల్లాకి వెళ్లాను. ఏసీ చల్లదనంలో తెల్లగా మెరుస్తోంది ద్రాక్షతీగ. లోపల మసి లేదు, బూడిద లేదు. ఇంట్లో పనిచేసే కడప ఆవిడ టీ ఇచ్చి, గుడ్డతో ఆకులు తుడవసాగింది.

"ఈ మూలల్లోకి గుడ్డ పోదు సార్. దుమ్ము యాడ్నించి వస్తాదో ఏమో, దినామూ నోటితో ఊదాల్సిందే" అంది.

వంగి, ఒక ఆకులోకి ఊదింది.

నేను టీ గ్లాసు మీద అరచెయ్యి మూతపెట్టుకున్నాను.