చిక్కుడు పందిరి కింద ఎవరు?

మేడ్చల్ కూరగాయల బండి దగ్గర పచ్చి చిక్కుడు వాసన తగిలితే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

శామీర్‌పేట దగ్గర అవ్వ పొలంలో చిక్కుడు పందిరి ఉండేది. నాకు ఎనిమిదేళ్లప్పుడు ఒక మధ్యాహ్నం దాని కింద కలుపు తీస్తూ అవ్వ, "తిన్నవా బిడ్డా?" అని అడిగింది.

"తిన్న అవ్వా," అన్నాను.

"నిన్ను గాదే. మీ పెద్దనాయినను అడుగుతున్న."

నాకు పెద్దనాయిన ఉన్నాడని అంతవరకూ ఎవరూ చెప్పలేదు. గాలి లేదు, అయినా ఒక తీగ కదిలింది. మీసాల మనిషెవరో ఆకుల్లో నక్కి నన్నే చూస్తున్నాడనిపించి, ఇంటిదాకా పరుగెత్తాను.

అవ్వ పోయాక నాయిన చెప్పాడు. తన అన్న మూడేళ్ల వయసులో జ్వరంతో పోతే ఆ పందిరి ఉన్నచోటే పాతిపెట్టారట. ఆ మట్టిలో అవ్వ ఎన్నడూ పార దించలేదు, వేళ్లతోనే కలుపు తీసేది.

నేను భయపడి పారిపోయింది నాకంటే చిన్నవాడి దగ్గర్నుంచి.